కొత్త బోరుకు ముందు ఆ పాత బోరింగు సంగతి చూడండి

విదేశాల్లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ముఖ్యంగా ఆఫ్రికా పల్లెల్లో మంచినీళ్ళ కోసం చందాలు పోగుచేస్తున్నవారికి,

నమస్కారం.

పోయిన నెల మా మేనల్లుడు డాలస్ నుంచి ఒక కరపత్రం ఫోన్లో పంపాడు. అది మీలో ఏ సంఘానిదో ఇక్కడ చెప్పను. ఇలాంటివి ఇంతకుముందు మూడు నాలుగు చూశాను, అన్నీ తోబుట్టువుల్లాగే ఉంటాయి. పైన పసుపుపచ్చ డబ్బా నెత్తిన పెట్టుకున్న చిన్నపిల్ల ఫోటో. కింద, పది వేల డాలర్లిస్తే ఒక ఊరికి బోరు, గద్దె పక్కన రాతి ఫలకం, దాని మీద మీరు కోరిన పేరు. "మామా, అమ్మ సంవత్సరీకం దగ్గరకొస్తోంది. అమ్మ పేరు మీద ఒకటి వేయిద్దామనుకుంటున్నా. నువ్వు అక్కడ ఉండొచ్చావు కదా, ఏమంటావ్?" అని అడిగాడు.

వాడి అమ్మంటే నా చెల్లెలు. మర్రిగూడ మండలంలో పుట్టి, అక్కడి బావి నీళ్ళే తాగి, నలభై ఏళ్ళకే నడుము వంగిపోయిన మనిషి. ఆమె పేరు మీద నీళ్ళ పని చేయిస్తానంటే కాదనే నోరు నాకెక్కడిది? అయినా వారం దాకా జవాబివ్వలేదు. ఇవ్వాల్సిన జవాబు వాడొక్కడికి చెప్పి ఊరుకునేది కాదనిపించి, మీకే రాస్తున్నాను.

నల్లగొండ జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. తర్వాత నాలుగేళ్ళు టాంజానియాలో, సింగిడా, దొడోమా ప్రాంతాల్లో బోర్లు వేసే కాంట్రాక్టరు దగ్గర సైటు ఇంజినీరుగా ఉన్నాను. రెండు చోట్లా చాలావరకు రాయి ఒకటే. పైన మెత్తబడిన పొరలో, పగుళ్ళలో నీళ్ళు, గట్టి గ్రానైటు తగిలిందంటే తెల్ల దుమ్ము. బండి నుంచి ఆ దుమ్ము లేస్తున్నంతసేపూ చుట్టూ చేరిన జనం మొహాల్లో కనపడేది కూడా ఒకటే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించే పెద్దమనుషులు మాత్రం నాకక్కడ తగల్లేదు.

మా కాంట్రాక్టరుకు వచ్చిన పనుల్లో ఒకటి తెలుగువాళ్ళ సంఘం డబ్బుతో చేసింది. ఏ పంపు బిగించాలో నన్నడిగారు. ఇండియా మార్క్ టూ అన్నాను. మన పల్లెల్లో బడి ముందూ రచ్చబండ దగ్గరా కనపడే సర్కారు బోరింగు అదే. షోలాపూర్, జాల్నా వైపు మిషన్ వర్క్‌షాపుల్లో మొదలైన పంపును యూనిసెఫ్, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రడాస్ కంపెనీ కలిసి 1970ల చివర్లో సరిదిద్ది దేశమంతా నడిచేలా చేశాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ విప్పి బిగించిన పంపు, కళ్ళకు గంతలు కట్టినా బిగించగలను. అది ఆఫ్రికాలో నీళ్ళు పోస్తుంటే చూడాలని మనసైంది. సంఘం వాళ్ళు నాకంటే సంబరపడ్డారు. 'మన దేశపు పంపు' అని ఫలకం మీద తెలుగులో చెక్కించారు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నవన్నీ ఆఫ్రిడెవ్ పంపులు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆఫ్రిడెవ్ పంపు మలావీలో మొదలై, కెన్యా తీరాన క్వాలేలో పరీక్షలకు నిలిచి, 1980ల్లో ఒక రూపానికొచ్చింది. ఊళ్ళోవాళ్ళు తమంతట తామే బాగుచేసుకోగలగాలన్న పట్టుదలతో తయారైన పంపు అది. లోపలి పైపులు ప్లాస్టిక్‌వి. వాటిని కదపక్కర్లేదు, పిస్టను ఆ పైపులోంచే పైకి వచ్చేస్తుంది. కావలసినదల్లా ఒక స్పానరు, అడుగున ఉన్న వాల్వును పట్టి లాగే ఒక కొక్కెం. ఇద్దరు ఆడవాళ్ళు కొంగులు నడుముకు చుట్టి, కడ్డీలు ఒక్కొక్కటే కొక్కెం విప్పి పక్కన పేర్చి, అరిగిన రబ్బరు సీలు తీసి కొత్తది తొడిగి, మధ్యాహ్నం వంట వేళకు మళ్ళీ నీళ్ళు పోయించడం దగ్గర నిలబడి చూశాను. అదే మార్క్ టూలో వాషరు అరిగితే జీఐ పైపులన్నీ బయటికి లాగాలి. ఆ ఊళ్ళో 36 మీటర్ల లోతున బిగించాం, అంటే మూడేసి మీటర్ల పైపులు పన్నెండు. నీళ్ళతో నిండి బరువెక్కిన పైపుల్ని క్లాంపులతో పట్టుకుని, లిఫ్టర్లతో ఎత్తి, నలుగురైదుగురు కలిసి చేయాల్సిన పని. మన దగ్గర మండలానికి మెకానిక్, జీపు, సామాను ఉండేవి కాబట్టి నడిచిపోయింది. అక్కడ ఆ సామాను 150 కిలోమీటర్ల అవతల ఉంది.

పద్నాలుగు నెలలు ఆడిందట. ఆగిపోయిన రెండేళ్ళకు వేరే పని మీద అటు పోయాను. హ్యాండిల్ లేదు. గద్దె మీద జొన్నలు ఆరబోశారు. నల్ల రాతి ఫలకం మాత్రం కొత్తదిలా మెరుస్తోంది, ఒక ముసలాయన దానికి వీపు ఆనించుకుని నీడలో కూర్చున్నాడు. ఈ గీతలు ఏ భాషవని అడిగాడు. మాదే అన్నాను. ఏం రాసుందన్నాడు. వచ్చీరాని స్వాహిలీలో చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "అయితే వాళ్ళకు ఫోన్ చెయ్యి" అన్నాడు.

ఎవరికి చెయ్యను? మా కాంట్రాక్టరుకు బిల్లు ముట్టింది, ఫైలు మూసేశారు. సంఘంలో కార్యవర్గం మారింది, కొత్తవాళ్ళు కంటి శిబిరాల పనిలో ఉన్నారు. పంపు ఎంచింది నేను కాబట్టి మొదటి తప్పు నాదే, దాన్ని దాచుకోవడానికి ఈ లేఖ రాయడం లేదు. కానీ ఆ ఫోన్ ఎత్తడానికి ఎవరూ లేకపోవడం నా ఒక్కడి తప్పు కాదు.

ఆ ఊరొక్కటే అలా అయిందనుకుంటే పొరపాటు. గ్రామీణ నీటి సరఫరా మీద పనిచేసేవాళ్ళ అంతర్జాతీయ నెట్‌వర్క్ 2009లో 20 ఆఫ్రికా దేశాల లెక్కలు కూడితే, చేతిపంపుల్లో మూడోవంతుకు పైగా పనిచేయడం లేదని తేలింది. ఆ తర్వాతి లెక్కలు కొంచెం నయం, నాలుగింటికి ఒకటి. వీటిలో చాలావాటి పక్కన ఎవరిదో ఒకరి ఫలకం ఉంటుంది. పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే నీళ్ళు పైకెక్కే 'ప్లే పంపు' కోసం 2006లో అమెరికాలో 1 కోటీ 64 లక్షల డాలర్లు ప్రకటించారు. అనుకున్నంత మందికి నీళ్ళు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని తర్వాత ఒక పత్రిక లెక్క కట్టింది. ఫోటోలో మాత్రం చాలా బాగుంటుంది ఆ పంపు.

దానం చేయడం గురించి టాంజానియా వాళ్ళకు మనం కొత్తగా చెప్పేదేమీ లేదు. అప్పటి అధ్యక్షుడు నైరేరే ప్రభుత్వం 1971లో ఇరవై ఏళ్ళ పథకం వేసుకుంది. 1991 నాటికి ప్రతి ఇంటికీ 400 మీటర్ల లోపు నీళ్ళుండాలి, అదీ ఉచితంగా. ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో దేశం దత్తత తీసుకున్నట్టు చేశాయి. మ్త్వారా, లిండీ ఫిన్‌లాండ్‌కి, విక్టోరియా సరస్సు వైపు స్వీడన్‌కి, ఇరింగా, ఎంబేయా డెన్మార్క్‌కి. ఎవరి పంపు వాళ్ళు తెచ్చారు. ఫిన్‌లాండ్ వాళ్ళ నీరా పంపు దక్షిణాన ఇప్పటికీ కనపడుతుంది. డబ్బుకు, మంచి మనసుకు కొరత లేదు. అయినా 1991 వచ్చేసరికి గడువు తీరింది, నీళ్ళు అందరికీ అందలేదు, ఉచితం అనే మాటను కొత్త విధానంలో మెల్లగా పక్కన పెట్టారు. మరమ్మతు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న ఆ ఇరవై ఏళ్ళూ ఎవరి ఒళ్ళోనూ కూర్చోలేదు. మీ కరపత్రంలో కూడా దానికి చోటు లేదు.

ఇక ఫ్లోరైడ్ సంగతి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

సెలవుల్లో ఒకసారి అరుషా పోయాను, మేరు పర్వతం చూద్దామని. ఆ కొండ పాదాల దగ్గర పల్లెల్లో బడి పిల్లలు నవ్వితే మా ఊరికి వచ్చానా అనిపించింది. అవే గోధుమరంగు గారపళ్ళు. మనకు గ్రానైటులోంచి వచ్చే ఫ్లోరైడ్, వాళ్ళకు అగ్నిపర్వతం రాళ్ళలోంచి వస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అక్కడ పది దాటిన ఊటలూ ఉన్నాయి. వేరే నీళ్ళు లేక టాంజానియా ప్రభుత్వం పల్లెలకు చాలాకాలం ఎనిమిది, తర్వాత నాలుగు మిల్లీగ్రాముల దాకా సరేననాల్సి వచ్చింది. ఆ తర్వాతే ఒకటిన్నరకు దిగింది. బీన్స్ త్వరగా ఉడకాలని వేసే 'మగాడి' అనే సరస్సు ఉప్పులో కూడా ఫ్లోరైడే.

అక్కడి ల్యాబు కుర్రాడొకడు నాది ఏ ఊరని అడిగాడు. నల్గొండ అన్నాను. పకపకా నవ్వాడు. "నల్గొండా అంటే పద్ధతి కదా, అది ఊరా?" అన్నాడు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన నల్గొండ పద్ధతి గురించి వాడు చదువుకున్నాడు. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరనిచ్చి, వడకట్టడం. మా జిల్లా పేరుతోనే దాన్ని టాంజానియాలోనూ, ఇథియోపియా రిఫ్ట్ లోయ ఊళ్ళలోనూ పెట్టి చూశారు. పుస్తకంలో బాగానే పనిచేస్తుంది. కానీ రోజూ కొలత ప్రకారం పటిక పడాలి. అడుగున చేరిన మడ్డి రోజూ ఎవరో తీసి ఎక్కడో పారబోయాలి. పటిక కొనడానికి నెలనెలా డబ్బుండాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా తొట్టి ఎండిపోయి మేకలకు నీడవుతుంది. మా జిల్లాలోనూ అదే అయింది, అక్కడా చాలాచోట్ల అదే అయింది. మాకు చివరికి కృష్ణా నీళ్ళు పైపుల్లో వస్తే గానీ గండం గడవలేదు. పశువుల ఎముకల్ని కాల్చిన బొగ్గుతో ఫ్లోరైడ్ లాగే పద్ధతిని అరుషా వైపు, కెన్యాలోని నకూరులో వాడారు, దానికీ బొగ్గు ఎప్పటికప్పుడు మార్చే మనిషి కావాలి.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మన తెలుగు నేల మీద 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే ఈ జబ్బును దేశంలో మొదటిసారి గుర్తించారు. నీళ్ళు పడినంత మాత్రాన అవి తాగే నీళ్ళు కావని మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అలాంటిది మీ కరపత్రంలో బోరు లోతుంది, ఫలకం సైజుంది, ఫ్లోరైడ్ పరీక్ష అన్న మాట లేదు. గద్దె పోయకముందు ఒక సీసా నీళ్ళు ల్యాబుకు పంపడానికయ్యే ఖర్చు మీ ప్రారంభోత్సవం బ్యానరు ఖర్చంత ఉండదు. నీళ్ళు బాగా పడి, ఫ్లోరైడ్ ఎక్కువ ఉందని తేలితే ఆ బోరుకు మూత బిగించి పక్కకు పోవాలి. చందా ఇచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పే ధైర్యం మీకుండాలి. నా చెల్లెలి పేరు అలాంటి నీళ్ళ మీద పడితే నేను తట్టుకోలేను.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. మీకు సెలవులు డిసెంబరులో. ప్రారంభోత్సవాలూ అప్పుడే. సింగిడా వైపు వానలు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. వానల్లో ఏ బోరు కొట్టినా నీళ్ళే. బోరు సత్తా తెలియాలంటే సెప్టెంబరు, అక్టోబరులో, వాగుల్లో ఇసుక తవ్వి చెలమ నీళ్ళు ముంచుకునే రోజుల్లో పంపింగ్ టెస్టు చేయాలి. అప్పుడు మీరెవరూ రారు. నీళ్ళు పడితేనే డబ్బు అని కాంట్రాక్టరుకు షరతు పెట్టడం కూడా మీకు తెలివైన పనిలా కనపడుతుంది. అలా పెడితే మేం ఏం చేస్తామో నన్నడగండి. తడి తగలగానే నీళ్ళు పడ్డాయని రాస్తాం. ఎండిన బోరుకు కూడా మీటరు లెక్కన డబ్బిస్తామంటే గానీ నిజం రాయం. మన ఊళ్ళో తిరుచెంగోడు బోరు బళ్ళకు రైతు అడుగు లెక్కన కట్టడం చూసే ఉంటారు. పడినా పడకపోయినా కట్టాల్సిందే.

పల్లెవాళ్ళు డబ్బు కట్టరనేది మరో అపోహ. నీళ్ళు వస్తుంటే కడతారు. టాంజానియా పల్లెల్లో డబ్బాకు ఇన్ని షిల్లింగులని లెక్కపెట్టి కుళాయి దగ్గర కూర్చున్న అమ్మకు ఇస్తారు, మనవాళ్ళు ప్లాంటు దగ్గర ఇరవై లీటర్ల క్యానుకు ఇచ్చినట్టే. ఆగిన పంపుకు ఎవరు కడతారు? కెన్యాలోని కిటూయి జిల్లా క్యూసోలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో పంపు హ్యాండిళ్ళలో చిన్న పరికరాలు పెట్టారు. పంపు ఆడుతోందా ఆగిందా అన్నది ఫోన్ సిగ్నల్ మీద తెలుస్తుంది, తెలియగానే మెకానిక్ బయల్దేరతాడు. అంతకుముందు సగటున 27 రోజులు ఆగి ఉండే పంపు మూడు రోజుల లోపే బాగయింది. కొత్త బోరు ఒక్కటీ వేయలేదు. ఆ తర్వాత అదే పనిని అక్కడ ఒక కంపెనీగా నడుపుతున్నారు. జనం కొంత కడతారు, మిగతాది ఒక నిధి నుంచి వస్తుంది. ఆ నిధిలోకి పోవాలి మీ చందా.

మనకు ఇంట్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. అనంతపురం జిల్లాలో 1995లో సత్యసాయి ట్రస్టు మొదలుపెట్టిన తాగునీటి పథకం. 700 పైచిలుకు ఊళ్ళకు ఏడాదిన్నరలో నీళ్ళు. అంత దానం, అంత వేగం నేను మళ్ళీ చూడలేదు. కట్టాక ప్రభుత్వానికి అప్పగించారు. అయితే ఆ తర్వాతి ఏళ్ళలో వార్తలు గమనించండి. పంపుల దగ్గర పనిచేసేవాళ్ళకు జీతాలు బకాయి పడ్డప్పుడల్లా సమ్మె, సమ్మె జరిగిన రోజుల్లో ఊళ్ళకు నీళ్ళు బంద్. కోట్లు పోసి వేసిన పైపు, నెల జీతం దగ్గర ఆగుతుంది. సింగిడా పల్లె అయినా, హిందూపురం పక్క పల్లె అయినా.

అందుకే మీరు రాబోయే విడత డబ్బు విడుదల చేసేముందు నేను కోరేది ఇది. మీరు పనిచేసే ప్రతి జిల్లాలో ముందు ప్రభుత్వ నీటి ఆఫీసుకు పోండి. టాంజానియాలో 2019 చట్టంతో గ్రామీణ నీటికి రువాసా అని విడిగా ఏజెన్సీ పెట్టారు, ఊళ్ళలో నీటి సంఘాలకు గుర్తింపు కూడా ఇప్పుడు ఆ చట్టం కిందే. ఆ జిల్లాలో ఏ పంపు వాడుతున్నారు, సామాను ఏ దుకాణంలో దొరుకుతుంది, ఆగిపోయినవి ఎన్ని అని అడగండి. ఆ ఆగిపోయిన వాటిని బాగుచేయండి ముందు. అందులో మెరుపేమీ లేదు, పాత గద్దె, పాత పైపు, ఫోటోకు పనికిరాదు. కానీ ఆఫ్రిడెవ్ సీళ్ళు, బుష్షులు అన్నీ కలిపినా మీ దగ్గర నలుగురు హోటల్లో తిన్నంత కాదు. పది ఊళ్ళకు కలిపి ఒక ఫండీని పెట్టండి. ఫండీ అంటే వాళ్ళ మాటల్లో మెకానిక్. వాడికి జీతం, బండి, పెట్రోలు కనీసం పదేళ్ళకు లెక్కగట్టి బ్యాంకులో వేయండి. కార్యవర్గం మారినా ఆ ఖాతా కదలకుండా మీ నియమావళిలో రాయండి. అప్పటికీ కొత్త బోరు తప్పదనుకున్న ఊరుంటే, వేయండి, ఎవరొద్దన్నారు.

ఆ ఫోటో మార్చండి అని కూడా అడగాలనుంది. ఇరవై లీటర్ల డబ్బా అంటే ఇరవై కిలోలు, మోసే పిల్ల బరువు నిజమే. కానీ ఆ ఊళ్ళో తెల్లవారకముందే డబ్బాలు తెచ్చి వరసలో పెట్టి, తగువుల్లేకుండా చూసే ఆడవాళ్ళున్నారు. సీలు మార్చే ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ఫోటో నా దగ్గరుంది, కావాలంటే ఇస్తాను.

మేనల్లుడికి నిన్న రాత్రి ఇదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. "మరి అమ్మ పేరెక్కడ వేస్తారు మామా?" అన్నాడు. ఫండీ బండి వెనక సామాను పెట్టెకు పెయింటు వేయిద్దాం, దాని మీద రాయిద్దాం అన్నాను. వాడికి నచ్చినట్టు లేదు. ఆలోచించుకుని చెప్తానన్నాడు.

ఇక ఆ పాత ఊరు. బోరు 58 మీటర్లు, కట్టినప్పుడు నీళ్ళు 21 మీటర్ల దగ్గర నిలబడ్డాయి, ఫ్లోరైడ్ 0.9. మంచి బోరు, పంపే చెడ్డది. కేసింగు ఆఫ్రిడెవ్‌కు సరిపోతుంది. పైన గద్దె మధ్యలో పగలగొట్టి, మార్క్ టూ స్టాండు తీసి, ఆఫ్రిడెవ్ స్టాండు కాంక్రీటులో దించి, వారం ఆరనివ్వాలి. జీఐ పైపులు పాత ఇనుముకు అమ్మితే కూలి ఖర్చులో కొంత వస్తుంది. డ్రిల్లింగ్ రికార్డు, ఊరికి దారి, అక్కడి నీటి సంఘం సెక్రటరీ ఫోన్ నంబరు నా డైరీలో ఉన్నాయి. నా రెండు నెలల పెన్షన్ దీనికని పక్కన పెట్టాను. ఫలకం సంగతి ఏం చేయాలో ఆ ముసలాయన్నే అడుగుదాం, ఉంటే. అక్టోబరులో పోవాలనుకుంటున్నాను, మీలో ఒక్కరైనా వెంట రండి.

ఇట్లు,
గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజినీరు,
నల్లగొండ జిల్లా